వాల్డ్‌నర్ గారి కోసం గొలుసు ప్రార్థన

మోజెస్‌కు జర్మనీలో ఒక గురువు ఉన్నాడు. ఆ గురువుకు మాత్రం మోజెస్ తెలియడు. తెలిసే వీలు కూడా లేదు, మోజెస్ గుంటూరులో పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందే ఆయన కన్నుమూశాడు. అయినా గురువు గురువే. కాలేజీలో ఫిలాసఫీ లెక్చరరుగా ఉన్నన్నాళ్ళూ ఆయన మీద థీసిస్ రాశాడు. భార్య దేవకుమారి నర్సు ఉద్యోగం పుణ్యమా అని ఐర్లండ్ విమానం ఎక్కేటప్పుడు, పెట్టెలోంచి ఆవకాయ జాడీ తీసేసి మరీ ఆ కాగితాల కట్టకు చోటు చేశాడు. ఆ ఆవకాయ కోసం దేవకుమారి ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

గురువుగారి పేరు ఎమిల్ వాల్డ్‌నర్. తోలు చేతితొడుగులు కుట్టించి అమ్మే యూదు వ్యాపారి కొడుకు. లోకం ఎలా ఉందో చెప్పి ఊరుకోకుండా, ఇలాగే ఉండాలని మనకు ఎవరు నేర్పారని నిలదీసే పంతుళ్ళు కొందరు ఆ రోజుల్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండేవారు. వాళ్ళ చదువుకు విమర్శనాత్మక సిద్ధాంతం అని పేరు. వాల్డ్‌నర్ వాళ్ళలో ఒకడు. హిట్లర్ రాగానే ఉద్యోగం ఊడింది. దేశం వదిలి న్యూయార్క్ చేరితే, ఒక రేడియో కంపెనీలో శ్రోతల ఉత్తరాలు చదివిపెట్టే పని దొరికింది. అవి చదివీ చదివీ ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. బిడ్డ పోయిన తల్లీ, పని పోయిన తండ్రీ, అందరూ ఒకే పాట వేయమంటున్నారు. ఎవరి దుఃఖం వాళ్ళదే, ఓదార్పు మాత్రం అందరికీ ఒకే మూసలో పోసి సబ్బుబిళ్ళల్లా అమ్ముతున్నారు. అలా ఓదార్పు కొనుక్కున్న మనిషి తన దుఃఖానికి కారకులెవరని అడగడం మానేస్తాడని వాల్డ్‌నర్ వాదన. యుద్ధమయ్యాక మళ్ళీ ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి, కూలిన గోడల మధ్య ఇదే పాఠం చెప్పాడు.

ఈ మాటలు చెప్పుకోవడానికి మోజెస్‌కు ఐర్లండ్‌లో ఒక్క ప్రాణి దొరకలేదు. స్వోర్డ్స్ అనే ఊరి పక్కన విమానాశ్రయంలో పెట్టెలు ఎత్తి దించే పని ఆయనది. ఒకసారి టీ విరామంలో పక్కనున్న ఐరిష్ అతనికి వాల్డ్‌నర్ గురించి చెబితే, అతను ఓపిగ్గా అంతా విని "గ్రాండ్" అన్నాడు. ఇక్కడ గ్రాండ్ అంటే బాగుంది అని అర్థం, ఇక చాలించు అని కూడా. ఇంట్లో చెబుదామంటే దేవకుమారి డ్యూటీ దిగి వచ్చేసరికి నిలబడే నిద్రపోతుండేది. కూతురు ప్రెయిస్ తెలుగు అర్థం చేసుకుంటుంది గానీ, రెండో వాక్యానికల్లా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినా, ఊదినవాడికి శంఖమైనా వినిపిస్తుంది. మోజెస్‌కు ఆ ముచ్చటా తీరలేదు.

అంతలో కరోనా వచ్చింది. విమానాలు ఆగాయి, పని ఆగింది, ప్రభుత్వం వారం వారం ఇంటికే డబ్బు పంపుతోంది. దేవకుమారికి కోవిడ్ వార్డులో డ్యూటీ వేశారు. ఇంట్లోవాళ్ళకు అంటకూడదని ఆమె బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని తమ అద్దె ఇంట్లోనే మేడమీది చిన్నగదిలోకి మారిపోయింది. మోజెస్ అన్నం గిన్నె మెట్ల మీద పెట్టి కిందికి వస్తాడు, ఆయన దిగిపోయాక ఆమె తలుపు తీసి తీసుకుంటుంది.

ఒకే ఇంట్లో ఉన్న భార్య మీద బెంగపెట్టుకోవడం ఎలా ఉంటుందో మోజెస్‌కు అప్పుడే తెలిసింది. ఊరు దాటి వెళ్ళిన మనిషి కోసమైతే ఎదురుచూడొచ్చు. ఈమె నెత్తిమీదే నడుస్తోంది. చెప్పుల చప్పుడు వినబడుతుంది, దగ్గితే గుండె ఆగుతుంది, మనిషి మాత్రం కనబడదు. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి వినలేదని మూతి ముడిచినవాడు, ఇప్పుడు ఆమె పక్కనుంటే చాలు, వినకపోయినా సరే అనుకున్నాడు. ఆ బెంగ మరిచిపోవడానికే వంటింటి ప్రెస్‌లో, అంటే ఇక్కడివాళ్ళ మాటలో అలమరలో, పైఅర నుంచి పాత కాగితాల కట్ట దించాడు. వాల్డ్‌నర్‌ను తెలుగులోకి తేవడం మొదలుపెట్టాడు.

వాళ్ళ తెలుగు క్రైస్తవ సహవాసం ప్రతి సాయంత్రం జూమ్‌లో కూడుకునేది. అంతకుముందు ఆదివారాలు అద్దె హాల్లో బిర్యానీ వాసనల మధ్య జరిగే కూడిక, ఇప్పుడు తెరమీద చిన్న చిన్న గళ్ళయిపోయింది. మోజెస్ కింద హాల్లో, దేవకుమారి పైన చిన్నగదిలో, చెరొక గడిలో కూర్చునేవారు. ఆమె పాడితే పాట ముందు పైకప్పులోంచి వినబడేది, ఆ తర్వాత లాప్‌టాప్‌లోంచి. మోజెస్ ఆ పైకప్పు పాట కోసమే కూడికకు వచ్చేవాడంటే అబద్ధం కాదు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం పాస్టర్ ఏసుదాసు గారు ప్రార్థన అంశాలు అడుగుతున్నారు. ఆయన వారమంతా మందుల ఫ్యాక్టరీలో పనిచేసి, తీరిక వేళల్లో కాపరిగా ఉంటారు. స్వోర్డ్స్‌లో వృద్ధాశ్రమంలో పనిచేసే మార్తా ఆంటీ ముందుగా చెప్పింది. "తెనాల్లో మా తమ్ముడు శౌరికి డయాలసిస్ అయ్యగారూ. లాక్‌డౌన్లో బండ్లు లేవు, ఆస్పత్రికి ఎట్టా పోతన్నాడో ఏందో. విమానాలుంటే ఈపాటికి పోయి వాడి కాడ కూర్చునేదాన్ని." అందరూ "ప్రభువు చూసుకుంటాడమ్మా" అన్నారు.

"మోజెస్ బ్రదర్, మీరెప్పుడూ ఏమీ అడగరు. ఏమన్నా ఉందా?" అన్నారు పాస్టర్ గారు.

ఆ మధ్యాహ్నమంతా మోజెస్ వాల్డ్‌నర్ చివరి రోజుల దగ్గరే ఉన్నాడు. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. అడిగిన పాపానికి నోరు తెరిచాడు.

"మా గురువుగారొకాయన ఉన్నారండీ. జర్మన్ ఆయన. ఊపిరితిత్తులు పాడైపోయినయ్. కొండమీద ఆస్పత్రిలో ఒక్కడే ఉన్నాడు. భార్య బయల్దేరింది గానీ దారులు మూసేశారు, కింద ఊళ్ళో ఆగిపోయింది. పైన ఆయన, కింద ఆమె…" అంటూ పైకప్పు వంక చూసి ఆగాడు.

ఇది జరిగి అరవై ఏళ్ళు దాటిందండీ, దారులు మూసింది మంచు వల్లండీ అన్న మాట నాలుక చివరన ఉంది. ఈలోగా మార్తా ఆంటీ "ప్రభువా!" అని ఎత్తుకుంది. ఆ సహవాసంలో ఎవరైనా ప్రార్థన మొదలుపెట్టాక మధ్యలో ఆపే ఆచారం లేదు. పొయ్యిమీద పాలు పొంగినా కళ్ళు తెరవరు. ఒకరు ఎత్తుకుంటే అందరూ గొంతు కలుపుతారు. ఎరగని జర్మన్ కోసం ఇన్ని గొంతులు ఒక్కసారిగా లేచేసరికి మోజెస్‌కు ఒళ్ళు ఝల్లుమంది. ఆమెన్ అన్న మరుక్షణం పాస్టర్ గారు గొలుసు ప్రార్థన ప్రకటించారు. గంటకొకరు చొప్పున, ఒకరు ముగించకముందే మరొకరు మోకరించి, రాత్రింబవళ్ళు తెగకుండా సాగాలి. మార్తా ఆంటీ అందరికంటే ముందు రెండు గంటలు తీసుకుంది.

కూడిక అయిన వెంటనే ఫోను మోగింది. చేసింది మేడమీదున్న దేవకుమారి.

"ఏవండీ, మీ వాల్డ్‌నర్ ఎప్పుడో పోయాడుగా?"

"పోయాడు."

"మరి ఈళ్ళంతా ఎవరికి చేస్తన్నారు ప్రార్థన?"

"చెబ్దామనే అనుకున్నా. మార్తా ఆంటీ ఎత్తుకుంది. మజ్జెలో ఎట్టా ఆపేది?"

"ఆమెన్ అన్నాక చెప్పొచ్చుగా!"

"ఆమెన్ అన్నాక ఎవరు ఏ గంటో పంచుకోడం మొదలెట్టారు."

"చచ్చిపోయినోళ్ళ కోసం ప్రార్థన చెయ్యడం మన పద్ధతి కాదు. పాస్టర్ గారికి తెలిస్తే మనల్ని గడప తొక్కనిస్తాడా? రేపు చెప్పెయ్యండి."

"రేపు చెప్తాలే."

రేపు వచ్చింది. మోజెస్ గడి తెరుచుకోవడం ఆలస్యం, "పెద్దాయనకి ఎట్టా ఉంది బ్రదర్?" అని పది గొంతులు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఏ క్లాసులోనూ విద్యార్థులు ఆయన మొహంవైపు ఇంత ఆత్రంగా చూడలేదు. చెప్పాల్సిన మాటకు బదులు ఇంకొకటి వచ్చింది. "రాత్రి కాస్త నిద్రపట్టిందంటండీ. నర్సు రేడియో తెచ్చిపెడితే వద్దని పంపేశారంట."

"రేడియో ఎందుకొద్దన్నారు?" అని అడిగింది లీలారాణి. దేవకుమారి వార్డులోనే పనిచేసే చిన్న నర్సు.

అడిగింది కదా! మోజెస్ చెప్పాడు. ఉత్తరాల సంగతీ, సబ్బుబిళ్ళల సంగతీ చెప్పాడు. ఎవరూ లేచిపోలేదు. అంతా విని లీలారాణి నెమ్మదిగా అంది. "నిజమే అన్నా. మొన్న అందరూ గుమ్మాల్లో నిలబడి మాకు చప్పట్లు కొట్టారు. నేనూ ఏడ్చాను. సరిపోను మాస్కులు ఎందుకు లేవని మాత్రం ఎవరూ అడగలా. నేను కూడా అడగలా. మీ పెద్దాయన చెప్పేది అదేగా?"

మోజెస్‌కు ఆ రాత్రి అన్నం సహించలేదు, అంత సంతోషం. థీసిస్ గైడుకు కూడా ఎక్కని ముక్క అది. ఆ పిల్ల ఒక్క మాటలో పట్టుకుంది. రేపు చెబుదాం అనుకున్న నిజం ఎల్లుండికి వాయిదా పడింది. ఎల్లుండి వచ్చేసరికి, వాల్డ్‌నర్ చిన్నప్పుడు తండ్రి కొట్లో చేతితొడుగులు జతలు కలిపేవాడని చెప్పడంతోనే సరిపోయింది.

రోజులు గడిచాయి. వాల్డ్‌నర్ ఒక పూట మెరుగయ్యేవాడు, ఒక పూట క్షీణించేవాడు. మోజెస్ ఏదీ కల్పించి చెప్పలేదు, అదొక్కటే ఆయనకు ఊరట. పుస్తకాల్లో ఉన్నదే చెప్పాడు, కాకపోతే అంతా ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పాడు. దొంగ సొమ్మును తూకం తప్పకుండా పంచిపెట్టినట్టుంది ఆయన నిజాయితీ. ఇంటి గేటుకు పులిహోర డబ్బాలు వచ్చి వేలాడేవి, మోజెస్ అన్న దిగులుతో వంట మానేశాడేమోనని. ప్రెయిస్ ఒక రోజు డబ్బా మూత తీస్తూ, "డాడ్, హీ డైడ్ ఇన్ నైంటీన్ ఫిఫ్టీ ఎయిట్. యూ హావ్ టు టెల్ దెమ్, లైక్" అని, తినడం మాత్రం తిన్నది.

అందరిలోకీ ఎక్కువ అడిగేది మార్తా ఆంటీ. ఆమెకు పుస్తకాలూ సిద్ధాంతాలూ అక్కర్లేదు. రోజూ ఒకటే ప్రశ్న. "ఆమె చేరిందా బాబూ? ఆయన పెళ్ళాం, ఆ క్లారమ్మ?"

"ఇంకా లేదాంటీ. దారి తెరవలేదంట."

"ఎట్టా ఉందో ఏందో కింద, ఒక్కతీ. పైన దీపం వెలుగుతుంటే కనపడుద్దేమో పాపం." అలా అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. నాలుగైదు రోజులకే ఆమె మొహం పీక్కుపోయింది. "నిద్రలేదులే బాబూ" అంది, అడిగితే.  మోజెస్ మింగలేక కక్కలేక, "పడుకోండాంటీ" అన్నాడు.

ఆ సాయంత్రం గిన్నె పెట్టడానికి వెళ్ళినవాడు దిగిరాలేదు. మెట్ల మీదే కూర్చున్నాడు. తలుపుకు అవతల దేవకుమారి కూడా కింద కూర్చున్న చప్పుడైంది. ఇద్దరి మధ్యా ఒక చెక్క తలుపు.

"ఎప్పుడు చెప్తారు?" అంది ఆమె.

"చెప్తే ఎవరూ ఉండరు దేవీ. మళ్ళీ నేనూ నా కాగితాలూనే."

ఆమె తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. తర్వాత అంది. "మీ మాట వినే తీరిక నాకెప్పుడూ లేకపోయింది. అది నా తప్పే అనుకోండి. వినాలని లేక కాదు. కానీ దానికి ఈళ్ళందరి మోకాళ్ళు అరగదీస్తారా? నేను చూస్తన్నా కదండీ వార్డులో. ఒక్కో మనిషి కోసం ఎన్ని ప్రాణాలు కొట్టుకుంటన్నయ్యో. ప్రార్థన ఊరికే వచ్చేది కాదండీ. ఒంట్లోంచి వస్తది."

ఆ తలుపు తీసి ఆమె ఒళ్ళో తలపెట్టుకోవాలన్న కోరిక మోజెస్‌ను నిలువునా దహించింది. తలుపు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉండి, కిందికి వచ్చేశాడు.

మర్నాడు నిజం చెప్పడానికే కూర్చున్నాడు. సగమే చెప్పగలిగాడు. "ఆయన పోయారండీ" అన్నాడు. అది అబద్ధం కాదు కదా అని మనసుకు సర్దిచెప్పుకునేలోగా తెరమీద ఏడుపులు మొదలయ్యాయి. పాస్టర్ గారు కళ్ళద్దాలు తుడుచుకుని, శనివారం సాయంత్రం ఆదరణ కూడిక అని ప్రకటించారు. మనిషి పోయిన ఇంటికి అందరూ వెళ్ళి, పాడి, వాక్యం చెప్పి, ఉన్నవాళ్ళ పక్కన కూర్చోవడం వాళ్ళ ఆచారం. "పెద్దాయన కుటుంబం మనకి అందుబాటులో లేదు గనక, మోజెస్ బ్రదరే ఇంటివాళ్ళ తరఫున మాట్లాడతారు" అన్నారు.

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు" అంది దేవకుమారి ఫోన్లో. ఇంకేమీ అనలేదు.

తన చావు దగ్గర ఎవరూ ఒక్క ఓదార్పు మాట పలకకూడదని రాసిపెట్టి పోయిన మనిషి వాల్డ్‌నర్. ఆయనకు శనివారం నాడు బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి షానన్ దాకా ఉన్న తెలుగు కుటుంబాలన్నీ తెల్లబట్టలు కట్టుకుని కూర్చున్నాయి. పాటలయ్యాయి. వాక్యమయ్యింది. పాస్టర్ గారు "బ్రదర్, చెప్పండి" అన్నారు. మోజెస్ టై సరిచేసుకున్నాడు. ఇన్ని మొహాలు తనకోసం ఎదురుచూడటం ఇదే ఆఖరని ఆయనకు తెలుసు. చివరిసారి ఒక్కొక్క గడినీ చూసుకున్నాడు.

"ఆయన నిన్నా మొన్నా పోలేదండీ" అన్నాడు. "నేను పుట్టకముందే పోయారు. మొదటి రోజే చెప్పాల్సింది. మీరు వింటుంటే… చెప్పలేకపోయాను. నా మాట ఇట్టా ఎవరూ వినలేదండీ ఎప్పుడూ. ఆ ఆశకొద్దీ మీతో చెయ్యరాని ప్రార్థన చేయించాను."

 పాస్టర్ గారి మొహం ఎర్రబడింది. "చనిపోయినవాడి కోసం మమ్మల్ని మోకరింపజేశారా బ్రదర్? దేవుడి ఎదుట ఆటలాడారా?" అన్నారు. ఒక గడి మాయమైంది. ఇంకొకటి. లీలారాణి తల వంచుకుంది. మోజెస్ లాప్‌టాప్ మూసేద్దామని చెయ్యి చాపాడు.

"ఉండు బాబూ" అంది మార్తా ఆంటీ. "ఆమె చేరిందా లేదా, అది చెప్పు."

"చేరిందాంటీ. అప్పటికే మట్టి చేసేశారు."

"ఎవరన్నా ఆమె కాడ కూర్చున్నారా?"

మోజెస్ చూపు పక్కనున్న కాగితాల కట్ట మీదికి పోయింది. వాల్డ్‌నర్ గురించి దొరికిన పుస్తకమల్లా చదివాడు. ఆ సంగతి వాటిలో లేదు. లేదన్న సంగతి కూడా ఈ నిమిషం దాకా తట్టలేదు. "తెలీదాంటీ" అన్నాడు.

"మా శౌరి పోయాడయ్యా" అంది మార్తా ఆంటీ. "మీ గొలుసు మొదలైన వారంలోనే. మట్టి కాడికి నలుగుర్నే రానిచ్చారంట. నాకు ఫోన్లో చూపిచ్చారు. పెట్టె చూశా, మొహం కనపళ్ళా."

"అమ్మా, మాకు చెప్పలేదేంటమ్మా?" అన్నారు పాస్టర్ గారు. ఆయన గొంతులో కోపం ఇంకిపోయింది.

"చెబ్దామనుకున్నా అయ్యగారూ. చెబితే మీరంతా నాకేసి తిరుగుతారు. పోయినోడు ఎటూ పోయాడు, అక్కడ బతకాల్సినాయన మీద ప్రార్థన తగ్గిపోద్దేమోనని ఊరుకున్నా. ఆయనన్నా బతికి, ఆమె పైకెళ్ళి చూసుకుంటే చాలనిపిచ్చింది నాకు."

మేడమీద దేవకుమారి ఏడుపు పైకప్పులోంచి వినబడింది.  మోజెస్ కాగితాల్లోంచి తీసి పంచిన ప్రతి పూట మెరుగూ, ప్రతి పూట క్షీణతా ఈ మనిషి తమ్ముడి చావును ఒంటరిగా గుండెలో పెట్టుకుని విన్నది. "క్షమించండాంటీ" అనబోయాడు. 

"అయ్యన్నీ తర్వాత" అంది ఆమె. కోపంగా కాదు, అలసటగా. "ఇన్నాళ్ళూ నీ పెద్దాయన సంగతంతా నేను విన్నా. ఆయన చేతితొడుగులూ, ఆయన రేడియో, ఆయన పెళ్ళాం, ఒక్క పూట మానకుండా విన్నా. ఇప్పుడు మా శౌరి సంగతి నువ్వు విను. లేచిపోబాక."

"వింటానాంటీ. కూర్చునే ఉన్నా."

"వాడికి ఐదేళ్ళదాకా మాటలు రాలా" అని మొదలుపెట్టింది మార్తా ఆంటీ. "మూగోడనే అనుకున్నారు అందరూ. నాకొక్కదానికే తెలిసేది, వాడికి ఆకలేసిందో భయమేసిందో. తర్వాత్తర్వాత గంగానమ్మపేటలో సైకిలు షాపు పెట్టాడు. నేను ఇటొచ్చాక ఫోన్ చేసినప్పుడల్లా, అక్కా అక్కడి సైకిళ్ళకి బ్రేకు తీగ గొట్టం లోపలుంటదా బయటుంటదా అనడిగేవాడు. నాకేం తెలుసు! డ్యూటీకి పోయేప్పుడు రోడ్డు పక్కన ఆగి, వంగి వంగి చూసేదాన్ని, వాడికి చెప్పాలని…"

ఆమె ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాయమైన గళ్ళు ఒకటొకటే తిరిగి వస్తున్నాయి. పాస్టర్ గారు వాక్యం అందుకోవడానికి బైబిలు తెరిచారు గానీ, ఏం తోచిందో మళ్ళీ మూసేశారు. మోజెస్ కుర్చీ ముందుకు జరుపుకుని, తెరకు దగ్గరగా వంగాడు.

"చెప్పండాంటీ" అన్నాడు. "మొదటి మాట ఏం మాట్లాడాడు?"